మోటారు కాలిపోతే కరెంటుని తిట్టకండి, ప్యానెల్ తలుపు తీసి చూడండి: బెంగళూరు కాంట్రాక్టర్లకి, బిల్డర్లకి, అపార్ట్‌మెంట్ కమిటీలకి బహిరంగ లేఖ

అపార్ట్‌మెంట్లలో బోరు మోటార్లు, సంపు మోటార్లు బిగించే ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లకి, వాళ్ళకి పని అప్పజెప్పే బిల్డర్లకి, మెయింటెనెన్స్ ఏజెన్సీలకి, ఆ బిల్లుల మీద సంతకం పెట్టే అసోసియేషన్ కమిటీ పెద్దలకి,

నమస్కారం. మీలో పని తెలిసినవాళ్ళు, నిజాయితీగా చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని ఏమీ అనట్లేదు. మిగతావాళ్ళ కోసమే ఈ లేఖ, ఎందుకంటే మామూలుగా అడిగితే ఎవరూ వినట్లేదు.

నేనుండేది రామమూర్తి నగర్ వైపు, సొంతూరు హిందూపురం దగ్గర, ఉద్యోగం పీణ్యాలో మోటార్ కంట్రోల్ ప్యానెళ్ళు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో (రోజూ ఆ రింగ్ రోడ్డు మీద పోయే టైము గురించి రాయాలంటే ఇంకో లేఖ అవుతుంది, వదిలేయండి). మా అపార్ట్‌మెంటు బోర్లో ఏడున్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు వెయ్యడుగుల లోతున ఉంది. అది కాలిపోవడం, బండి పిలిపించి పైపులు లాగడం, రివైండింగుకి (లోపల కాలిన రాగి తీగ చుట్టలు మార్చడానికి) పంపడం, మళ్ళీ దింపడం, హమ్మయ్య నీళ్ళొచ్చాయి అనుకునేలోపు మళ్ళీ కాలిపోవడం, ఇదే వరస. ప్రతిసారీ కాంట్రాక్టర్ గారు చెప్పేది ఒకటే మాట, "కరెంటు బాలేదు సార్, లో వోల్టేజీ, నేనేం చేసేది". చివరికి కమిటీని ఒప్పించి ప్యానెల్ తలుపు తీయించి చూశా. హొరమావులో, టీసీ పాళ్యలో, వైట్‌ఫీల్డ్‌లో తెలిసినవాళ్ళ అపార్ట్‌మెంట్లలో చూసింది కూడా కాస్త అటూ ఇటూగా ఇదే, అందుకే వివరంగా రాస్తున్నా.

పైన 63 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆపేసే బ్రేకర్). దాని కింద స్టార్టరు, ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది) డయల్ చివరిదాకా తిప్పేసి ఉంది. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (మూడు ఫేజుల్లో, అంటే మూడు కరెంటు లైన్లలో, ఒకటి పోతే మోటారుని ఆపేది) ఉంది గానీ దాని కాంటాక్టుని చిన్న వైరు ముక్క పెట్టి లూప్ చేసేశారు, అంటే ఉన్నా లేనట్టే. బోర్లోకి దిగేది రెండున్నర స్క్వేర్ ఎంఎం ఫ్లాట్ కేబులు. ఎర్త్ వైరు ఒక్కటే, అదీ ప్యానెల్ బాడీ దగ్గర తుప్పు పట్టి ఊడి వేలాడుతోంది. ఈ సంగతంతా ఫొటోలతో సహా మెయింటెనెన్స్ ఏజెన్సీకి రాసిచ్చాం, బిల్డర్ ఆఫీసుకి మెయిల్ పెట్టాం, ఒక్క జవాబు లేదు, వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎవరో ఒక దండం బొమ్మ పెట్టారు.

కాబట్టి ముందు విషయాలు చెప్తా, తర్వాత మేం అడిగేవి.

1. నేమ్ ప్లేటు ఎవరూ చదవట్లేదు

మోటారు మీద చిన్న రేకు ఉంటుంది, అందులో హెచ్‌పీ, వోల్టేజీ, ఫుల్ లోడ్ ఆంప్స్, కనెక్షన్ స్టారా డెల్టానా (లోపలి వైండింగులని కలిపే రెండు పద్ధతులు) అన్నీ ఉంటాయి. వైరు సైజు, బ్రేకర్, కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపి విడదీసే స్విచ్చి), రిలే సెట్టింగు, అన్నిటికీ మొదటి అంకె ఆ ఫుల్ లోడ్ ఆంప్సే. 415 వోల్టుల త్రీ ఫేజ్ మోటారుకి హెచ్‌పీకి ఒకటిన్నర ఆంప్స్ అని నోటి లెక్క ఒకటుంది, అది నేల మీద ఉండే మోటారుకి పర్వాలేదు. బోరు మోటారు సన్నగా పొడుగ్గా ఉంటుంది, అదే హెచ్‌పీకి ఇంకాస్త ఎక్కువ లాగుతుంది, మా ఏడున్నర హెచ్‌పీ రేకు మీద 14 ఆంప్స్ ఉంది. ఇక్కడ తమాషా ఏంటంటే బోర్లోకి దింపేశాక ఆ రేకు చూడాలంటే వెయ్యడుగుల పైపు లాగాల్సిందే, కాబట్టి దింపేముందే ఫొటో తీసి పెట్టుకోవాలి. రెండు నిమిషాల పని. మా దగ్గర అన్నిసార్లు మోటారు పైకొచ్చినా ఎవరూ చెయ్యలేదు, ఈమధ్య రివైండింగు షాపుకి నేను వెళ్ళి తీసుకున్న ఫొటో తప్ప వేరే లేదు.

2. కేబులు: "20 ఆంప్స్ మోస్తుంది సార్" అనే సమాధానం చాలదు

రెండున్నర వైరు ఎందుకేశారు అంటే "20 ఆంప్స్ మోస్తుంది, మీ మోటారు పద్నాలుగే కదా" అంటారు. మాట అబద్ధం కాదు, పైపులో వేసిన రాగి రెండున్నర వైరు సుమారు 20 ఆంప్స్ దాకా మోస్తుంది. కానీ అది వైరు కాలకుండా ఉండటానికి సరిపోయే లెక్క, అవతలి చివర మోటారుకి ఎంత వోల్టేజీ అందుతుందో చూసే లెక్క వేరే ఉంది, దాన్ని ఎవరూ వెయ్యట్లేదు.

వేసి చూద్దాం. రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి ఫ్లెక్సిబుల్ కేబులుకి కిలోమీటరుకి దగ్గర దగ్గర 8 ఓమ్స్ రెసిస్టెన్సు. వెయ్యడుగులంటే 305 మీటర్లు, అంటే ఒక్కో కోరుకి 2.4 ఓమ్స్. దాన్ని 14 ఆంప్స్‌తో, త్రీ ఫేజ్ కాబట్టి 1.73తో, పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.83తో గుణిస్తే 49 వోల్టులు. ప్యానెల్ దగ్గర మీటరు 415 చూపిస్తున్నప్పుడు కింద మోటారుకి అందేది 366, అంటే దాదాపు 12 శాతం దార్లోనే పోయింది. మామూలుగా 5 శాతం దాటనివ్వకూడదు, అదీ మీటరు దగ్గర్నుంచి మోటారు దాకా మొత్తం కలిపి. 6 స్క్వేర్ వేసుంటే 20 వోల్టులు పోయేవి, సరిగ్గా అంచు మీద. 10 స్క్వేర్ వేసుంటే 12 వోల్టులు. కాంట్రాక్టర్ గారు చెప్పిన లో వోల్టేజీ నిజంగానే ఉంది, కాకపోతే అది లైన్లోంచి రాలేదు, ఆయన వేసిన కేబుల్లోంచి వచ్చింది.

వోల్టేజీ 12 శాతం తగ్గితే మోటారు టార్కు (తిప్పే బలం) 22 శాతం దాకా పడిపోతుంది, ఎందుకంటే టార్కు వోల్టేజీ వర్గం లెక్కన పోతుంది. అదే నీటి బరువు లేపడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. వైండింగు వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సగం అవుతుందని మా లైన్లో పాత లెక్క. స్టార్టింగులో ఇంకా ఘోరం, డైరెక్ట్ ఆన్ లైన్ స్టార్టరైతే, అంటే పూర్తి వోల్టేజీని ఒకేసారి ఇచ్చేదైతే, ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది కదా, ఆ క్షణంలో వోల్టేజీ ఎంతకి కుంగుతుందో ఊహించుకోండి, మోటారు లేవడానికి పట్టే టైము పెరుగుతుంది, ఆ టైమంతా వైండింగు మాడుతూనే ఉంటుంది.

ఇంకోటి, డబ్బు సంగతి. ఆ సన్న కేబులు మూడు కోర్లలో కలిపి 1.4 కిలోవాట్లు ఊరికే వేడిగా పోతోంది, 10 స్క్వేర్‌లో అయితే 0.35 కన్నా తక్కువ. రోజుకి ఆరు గంటలు నడిస్తే ఏడాదికి 2300 యూనిట్ల పైనే తేడా. కేబుల్ మీద మిగిల్చామని కమిటీ మీటింగులో చప్పట్లు కొట్టిన డబ్బులు కరెంటు బిల్లులో నెలనెలా వెళ్ళిపోతున్నాయి.

అల్యూమినియం గురించి కూడా ఒక మాట. మెయిన్ ప్యానెల్ దాకా అల్యూమినియం కేబులు వేస్తే తప్పేం లేదు, కానీ రాగికి అనుకున్న సైజే అల్యూమినియంలో వేసేస్తే రెసిస్టెన్సు 1.6 రెట్లు అవుతుంది. పైగా రాగి టెర్మినల్లో బైమెటల్ లగ్గు (రెండు లోహాలనీ కలిపే బిళ్ళ) లేకుండా అల్యూమినియం తీగని స్క్రూ కింద నొక్కేస్తే కొన్నాళ్ళకి వదులవుతుంది, వేడెక్కుతుంది, ఒకరోజు ఆ ఫేజు పోతుంది.

3. పెద్ద ఎంసీబీ వేస్తే సేఫ్ అనుకోవడం

ఇది అన్నిటికన్నా ప్రమాదం, అందుకే ఎక్కువ రాస్తున్నా. ఎంసీబీ స్టార్టింగులో పడిపోతోందని (ట్రిప్ అయి కరెంటు ఆపేస్తోందని) 25 తీసి 32 వేస్తారు, 32 తీసి 63 వేస్తారు. అసలు సంగతి ఆంప్స్‌లో లేదు, కర్వ్‌లో ఉంది, అంటే రేటింగుకి ఎన్ని రెట్లు వస్తే వెంటనే పడుతుందనే దాంట్లో. బీ కర్వ్ ఎంసీబీ దాని రేటింగుకి 3 నుంచి 5 రెట్ల మధ్య వెంటనే పడుతుంది, సీ కర్వ్ 5 నుంచి 10 రెట్ల మధ్య, డీ కర్వ్ 10 నుంచి 20 రెట్ల మధ్య. ఇంట్లో లైట్లకి వాడే బీ కర్వ్ 25 తెచ్చి మోటారుకి పెడితే స్టార్టింగులో ఆరు రెట్లు, అంటే 84 ఆంప్స్ వచ్చినప్పుడు పడిపోవచ్చు. సీ కర్వ్ 25 గానీ డీ కర్వ్ 20 గానీ పెడితే, తయారీ కంపెనీ టేబుల్ చూసి, ఈ గోల ఉండదు. లేదా మోటార్ల కోసమే చేసిన ఎంపీసీబీ పెట్టండి.

ఇప్పుడు మా ప్యానెల్లో ఉన్న 63 సంగతి చూడండి. 63 ఆంప్స్ ఎంసీబీ 1.45 రెట్లు, అంటే 91 ఆంప్స్ వస్తే గంటలోపు పడాలి, స్టాండర్డే అంత టైము ఇస్తుంది. దాని కింద ఉన్నది 20 ఆంప్స్ మోసే వైరు. బోరు అడుగున కేబుల్ జాయింటు దగ్గర రెండు ఫేజులు కలిసిపోయాయనుకోండి, మంచి షార్ట్ సర్క్యూటు. కరెంటు ఎంతొస్తుంది? పోయే దారి 2.4, వచ్చే దారి 2.4, మొత్తం 4.8 ఓమ్స్ పైన. 415ని భాగిస్తే 85 ఆంప్స్. నిఖార్సైన షార్ట్ సర్క్యూటుకి 63 ఎంసీబీ గంటసేపు కూడా పడకపోవచ్చు! రిలే డయల్ కూడా చివరికి తిప్పేసి ఉంది కాబట్టి అదీ తీరిగ్గానే పడుతుంది. ఈలోపు 20 ఆంప్స్ వైరు 85 మోస్తూ పైపులో, డక్టులో, పక్కన ఉన్న ఇంటర్నెట్ కేబుళ్ళతో పాటు కాలుతుంది.

అదే 10 స్క్వేర్ కేబులు, సీ కర్వ్ 25 ఎంసీబీ అయితే అదే షార్ట్‌కి 350 ఆంప్స్ వస్తుంది, ఎంసీబీ 250 దాటగానే క్షణంలో కట్ అవ్వాల్సిందే. కేబులూ బ్రేకరూ రెండూ ఒకే లెక్కలో తేల్చాలని మేం మొత్తుకునేది ఇందుకే. కేబులు ఒకరు తేవడం, ఎంసీబీ షాపువాడు ఏదిస్తే అది పెట్టడం, ఇలా చేస్తే ఏ ఒక్కటీ పనిచెయ్యదు.

4. ఓవర్‌లోడ్ రిలే, కాంటాక్టరు

ఎంసీబీ కేబుల్‌ని కాపాడటానికి, మోటారుని కాపాడేది ఓవర్‌లోడ్ రిలే. దాని డయల్ నేమ్ ప్లేటు ఆంప్స్ దగ్గర పెట్టాలి, అంతే. మాటిమాటికీ పడుతోందంటే ఎక్కడో ఏదో తేడా ఉందని అర్థం, ఇంపెల్లర్లో ఇసుక పట్టిందో, బేరింగు పోయిందో, వోల్టేజీ పడిందో. డయల్ తిప్పేస్తే రిలే నోరు మూసినట్టే, రోగం అలాగే ఉంటుంది. సబ్‌మెర్సిబుల్‌కి క్లాస్ 10 రిలే కావాలి, సెట్ చేసిన కరెంటుకి 7.2 రెట్లు వస్తే 10 సెకన్లలోపు పడేది. లేవడానికి టైము పట్టే పెద్ద ఫ్యాన్లకి వాడే క్లాస్ 20 తెచ్చి పెట్టకండి.

స్టార్ డెల్టా స్టార్టర్లలో ఇంకో మోసం జరుగుతుంటుంది, తెలిసి చేస్తారో తెలియక చేస్తారో గానీ. రిలే వైండింగు లూపులో ఉంటే దాంట్లోంచి పోయేది లైను కరెంటులో 58 శాతమే. 25 ఆంప్స్ మోటారుకి అక్కడ 14.5 పెట్టాలి. నేమ్ ప్లేటు చూశామని 25 పెట్టేస్తే మోటారు 43 ఆంప్స్ లాగినా రిలే కిమ్మనదు. అలాగే పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్‌ని రిలే తర్వాత, మోటారు వైపు కలిపితే రిలేలోంచి పోయే కరెంటు తగ్గుతుంది, సెట్టింగూ ఆ మేరకి తగ్గించాలి, ఇది చేసినవాళ్ళని నేను పెద్దగా చూడలేదు.

కాంటాక్టరు కొనేటప్పుడు ఏసీ-3 రేటింగు చూడండి. ఏసీ-1 అని పెద్ద అంకె కూడా ఉంటుంది, అది హీటర్ల లాంటి లోడుకి. ఏసీ-1లో 32 ఉన్నది ఏసీ-3లో 18 మాత్రమే ఉండొచ్చు. పెద్ద అంకె చూసి చవగ్గా వచ్చిందని తెస్తే పాయింట్లు అతుక్కుపోతాయి, అప్పుడు రిలే పడినా మోటారు ఆగదు.

5. ఒక ఫేజు పోతే

నడుస్తున్న మోటారుకి ఒక ఫేజు పోతే అది ఆగదు, మిగతా రెండిటి మీద మూలుగుతూ తిరుగుతుంది, ఫుల్ లోడులో ఉంటే ఆ రెండిట్లో కరెంటు 1.73 రెట్ల దాకా పోతుంది. అదీ రిలే పట్టుకుంటుంది కదా అంటారు. లోడు తక్కువున్నప్పుడు పట్టుకోదు. డెల్టా వైండింగు మోటారులో లైను కరెంటు నేమ్ ప్లేటు దగ్గరే కనిపిస్తున్నా ఒక వైండింగులో మాత్రం 15 శాతం ఎక్కువ పోతుంటుంది, మూడో వంతు వేడి ఎక్కువ. ఫేజు పోకపోయినా ఫేజుల మధ్య వోల్టేజీ ఒక శాతం తేడా వస్తే కరెంటులో ఆరు నుంచి పది శాతం తేడా వస్తుంది. అందుకే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్. దాన్ని బైపాస్ చేసేది ఎందుకంటే రాత్రి పదకొండుకి నీళ్ళు రావట్లేదని ఫోన్ చేస్తే వచ్చి "స్వల్ప అడ్జస్ట్" చేసి పోతారు, పొద్దున వచ్చి తీసేస్తా అంటారు, ఆ పొద్దున ఎప్పటికీ రాదు.

జనరేటర్ ఉన్నచోట ఫేజ్ సీక్వెన్సు కూడా చూడండి, జనరేటర్ వైపు రెండు ఫేజులు తారుమారైతే పంపు వెనక్కి తిరుగుతుంది, నీళ్ళు అరకొరగా వస్తాయి, బోరు ఎండిందనుకుంటారు.

6. బోరులో నీళ్ళు లేనప్పుడు

2024 ఎండాకాలం ఎవరం మర్చిపోలేదు. నగరంలో ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయని అప్పుడు ఉప ముఖ్యమంత్రిగా ఉన్న డి.కె. శివకుమార్ గారే చెప్పారు. అలాంటప్పుడు పంపు ఖాళీగా తిరుగుతుంది. సబ్‌మెర్సిబుల్ చల్లబడేదే దాని చుట్టూ పారే నీళ్ళతో, నీళ్ళు లేకపోతే కాలిపోతుంది, కానీ ఆ టైములో కరెంటు తగ్గుతుంది, పెరగదు. ఓవర్‌లోడ్ రిలేకి ఇది అస్సలు కనపడదు. తక్కువ కరెంటుని పట్టే డ్రై రన్ రిలే గానీ, బోర్లో లెవెల్ ఎలక్ట్రోడ్లు గానీ ఉండాలి. మోటారు ఖర్చుతో పోలిస్తే దీని ధర ఏపాటిది.

7. ఎర్తింగు, ప్రాణాల సంగతి

పైవన్నీ డబ్బు పోయే విషయాలు, ఇది మనుషులు పోయే విషయం. 250 వోల్టులు దాటి నడిచే మోటారు ఫ్రేముకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లో ఉంది, అంతకుముందు పాత ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో కూడా ఉంది, కొత్త విషయమేం కాదు. ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు భూమిలోకి దిగే గుంత) రెసిస్టెన్సు 5 ఓమ్స్ ఉందనుకుందాం, చాలా చోట్ల అంతకన్నా ఎక్కువే ఉంటుంది, ఉప్పు బొగ్గు వేసిన నాటి నుంచి ఎవరూ నీళ్ళు కూడా పొయ్యరు కాబట్టి. ఫేజు మోటారు బాడీకి తగిలితే 240ని 5తో భాగిస్తే 48 ఆంప్స్. మళ్ళీ మన 63 ఎంసీబీ పడదు. ప్యానెల్ బాడీ, పైపులు, వాల్వు చక్రం అన్నీ కరెంటుతో అలాగే నిలబడి ఉంటాయి, తెల్లవారుజామున వాల్వు తిప్పడానికి వెళ్ళేది మన వాచ్‌మన్, చాలాసార్లు చెప్పుల్లేకుండా. ఎర్త్ లీకేజీ ప్రొటెక్షన్ (భూమిలోకి కారే కరెంటుని పట్టి సప్లై ఆపేది) లేకుండా కేవలం ఎంసీబీతో మనిషిని కాపాడలేం. మోటారు ఫీడరుకి 100 లేదా 300 మిల్లీ ఆంప్స్ ఎర్త్ లీకేజీ రిలే, మనుషులు చేత్తో పట్టుకునే ప్లగ్ పాయింట్లకి అదే పని చేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ.

2025 మే నెలలో పెద్ద వాన పడినప్పుడు బీటీఎం లేఅవుట్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లో చేరిన నీళ్ళు తోడటానికి మోటారు పెట్టబోయి ఒక పెద్దాయన, పన్నెండేళ్ళ పిల్లాడు కరెంటు షాక్‌తో చనిపోయారు. పేపర్లన్నిట్లో వచ్చింది. ఈ ఊళ్ళో ప్రతి వానకీ ఎన్నో బేస్‌మెంట్లలో ఇదే పని చేస్తుంటారు, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఎక్స్‌టెన్షన్ బోర్డు భుజాన వేసుకుని.

ఈ మొత్తంలో నష్టపోయేది ఎవరో చెప్తా. మోటారు కాలితే ట్యాంకర్లు. 12 వేల లీటర్ల ట్యాంకరుకి 5 కిలోమీటర్ల లోపల వెయ్యి రూపాయలని 2024లో జిల్లా యంత్రాంగం రేటు కట్టింది, కానీ అవసరం మనదైనప్పుడు రేటు వాళ్ళదే. సొంత ఫ్లాట్ ఉన్నవాళ్ళు మెయింటెనెన్స్ పెంచితే గొణుక్కుంటూ కడతారు. అద్దెకున్నవాళ్ళకి ఓటూ లేదు మాటా లేదు, కట్టడం మాత్రం ఉంది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు కింద సంపులోంచి బకెట్లతో నాలుగో అంతస్తుకి మోస్తారు, దానికి ఎవరూ అదనంగా ఇవ్వరు. మా పక్క బ్లాకులో ఒక పెద్దావిడ డయాలిసిస్ చేయించుకుని వచ్చాక బాత్రూంలో నీళ్ళు లేక పడిన అవస్థ నేను చూశా. రివైండింగు షాపువాళ్ళకి, బండివాళ్ళకి మాత్రం చేతినిండా పని, వాళ్ళనీ తప్పు పట్టలేం.

ఇక మేం అడిగేవి.

1. ప్రతి మోటారు ప్యానెల్ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించండి. మోటారు నేమ్ ప్లేటు ఫొటో, కేబుల్ సైజు, పొడవు, వోల్టేజీ డ్రాప్ లెక్క, బ్రేకర్ కర్వ్ రేటింగు, రిలే ఎంతకి సెట్ చేశారు, ఎవరు చేశారు, ఏ తేదీన. ఈ కాగితం లేకుండా బిల్లు పాస్ చెయ్యొద్దని కమిటీలని అడుగుతున్నాం. లెక్క వెయ్యడం రాకపోతే కేబుల్ కంపెనీల టేబుళ్ళు ఉన్నాయి, లోతు, హెచ్‌పీ చూస్తే సైజు చెప్పేస్తాయి.

2. కొటేషన్లో "మోటార్ వైరింగ్ కంప్లీట్, ఇంత" అని ఒక్క లైను రాయడం ఆపండి. కేబుల్, బ్రేకర్, స్టార్టర్, ప్రివెంటర్, డ్రై రన్, ఎర్తింగ్ విడివిడిగా రాయండి. అప్పుడు తక్కువ కొటేషన్ ఎక్కడ తగ్గిందో కనపడుతుంది. కమిటీ పెద్దలారా, తక్కువ కొటేషన్ కోసం కాంట్రాక్టర్ని పిండేది మీరే, తర్వాత అతన్ని తిట్టేదీ మీరే. కాంట్రాక్టర్లలో కొందరు నాకు చెప్పుకున్న బాధ ఇది, అందులో న్యాయం ఉంది.

3. బైపాస్ చెయ్యొద్దు. అత్యవసరమై చేస్తే ఎర్ర టేపు కట్టి, రిజిస్టర్లో రాసి, 24 గంటల్లో తియ్యాలి. రిలే డయల్ మీద సీలు వెయ్యండి. ఎన్నిసార్లు పడింది, ఎప్పుడు పడింది వాచ్‌మన్ చేత రాయించండి, ఆ పుస్తకం చూస్తే మోటారు కాలకముందే తెలుస్తుంది.

4. పని అప్పజెప్పే రోజు టెస్టు మా ముందు చేసి చూపించండి. నడుస్తుండగా ఒక ఫేజు ఫ్యూజు తీస్తే మోటారు ఆగాలి. డెలివరీ వాల్వు కట్టేస్తే డ్రై రన్ రిలే పడాలి. మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ రీడింగు, ఎర్త్ పిట్ రీడింగు, క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజుల కరెంటు, మోటారు నడుస్తున్నప్పుడు వోల్టేజీ, అన్నీ రాసివ్వండి.

5. ఎర్తింగు రెండు వేర్వేరు కనెక్షన్లతో. ఎర్త్ లీకేజీ రిలే లేని ప్యానెళ్ళకి ఈ వానాకాలం లోపు పెట్టండి. సంపులోకి మనిషి దిగేముందు తాళం వేసే ఐసొలేటర్ (సప్లైని పూర్తిగా తెంపే స్విచ్చి) పక్కనే ఉండాలి, నాలుగు అంతస్తుల పైన కాదు. వాన నీళ్ళు తోడే పోర్టబుల్ పంపులకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉన్న పాయింటు బేస్‌మెంటు నేల నుంచి ఎత్తులో, విడిగా పెట్టండి.

6. బిల్డర్లకి: అసోసియేషన్‌కి అప్పజెప్పేటప్పుడు సింగిల్ లైన్ డయాగ్రామ్ (కరెంటు కనెక్షన్ల పటం), మోటార్ల నేమ్ ప్లేటు వివరాలు, టెస్టు రిపోర్టులు ఇవ్వండి. క్లబ్ హౌస్ తాళాల కన్నా ముందు అవి ఇవ్వండి.

7. బిల్లు మీద కాంట్రాక్టర్ లైసెన్సు నంబరు, పని చేసిన సూపర్‌వైజర్ పర్మిట్ నంబరు రాయండి. తనిఖీకి వచ్చే అధికారులకి కూడా మనవి, లిఫ్టు, ట్రాన్స్‌ఫార్మర్ చూసి వెళ్ళిపోకుండా పంపు రూము తలుపు కూడా ఒకసారి తీయించండి.

ఒక్క మినహాయింపు చెప్పాలి, లేకపోతే ఈ లేఖ పట్టుకుని ఎవరో ఒకరు తప్పు చేస్తారు. ఫైర్ పంపుకి ఈ ఓవర్‌లోడ్ లెక్కలు పెట్టకండి. మంటలొచ్చినప్పుడు ఆ మోటారు కాలిపోయినా సరే చివరిదాకా నడవాలి, దానికి సప్లై కూడా మెయిన్ ఆపినా ఆగకుండా విడిగా ఉండాలి, దాని లైనులో షార్ట్ సర్క్యూట్ రక్షణ మాత్రం ఉంటుంది. దాన్ని ముట్టుకునేముందు ఫైర్ పంపు తెలిసినవాళ్ళని అడగండి.

మా అపార్ట్‌మెంటు విషయంలో మెయింటెనెన్స్ ఏజెన్సీకి, బిల్డర్‌కి అడిగేది ఇది: ఈ లేఖ అందిన 15 రోజుల్లో 1, 3, 5 పనులకి రాతపూర్వకంగా తేదీలు ఇవ్వండి. ఇవ్వకపోతే ఫొటోలు, ఈ లెక్కలు, మోటారు రిపేరు బిల్లులు కలిపి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్‌కి, ఆ తర్వాత కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్తాం, ఫ్లాట్ల వాళ్ళం సంతకాలు పెట్టేశాం. వేరే అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఎవరైనా తమ ప్యానెల్ చూపించాలనుకుంటే ఆదివారాలు క్లాంప్ మీటరు తెచ్చుకుని వస్తా, డబ్బులేం వద్దు, నేమ్ ప్లేటు ఫొటో మాత్రం రెడీగా పెట్టుకోండి.

ఇట్లు,
ఒక ఫ్లాటు యజమాని, ప్యానెల్ పనివాడు
రామమూర్తి నగర్, బెంగళూరు